విజయనగరంలో ఏనుగులకి ఇల్లుంది, మనుషుల ఇళ్లేవి?

రాతిరథం:
అందరికీ నమస్కారం. పోయిన వారం పిల్లల్ని తీసుకుని హంపి, అదే విజయనగర రాజుల పాత రాజధాని, వెళ్లొచ్చాం. రెండు రోజులు ఎండలో తెగ తిరిగాం. గజశాల ముందు నిలబడి పదకొండు గదులూ లెక్కపెట్టాక మా ఎనిమిదేళ్ల పాప ఒక ప్రశ్న వేసింది: "ఏనుగులకి ఇంత పెద్ద ఇల్లుంది కదా, మరి మనుషుల ఇళ్లేవి నాన్నా?"

నాకు జవాబు తట్టలేదు. గైడుని అడిగితే ఆయన మళ్లీ మొదటికొచ్చాడు. రత్నాలు రాశులు పోసి అమ్మారు, కుంచాలతో కొలిచారు, ఇదే పాట. ఆ రత్నాలు కొనలేనివాడు ఎక్కడ పడుకున్నాడు? పొద్దున లేచి ఏం తిన్నాడు? ఒంటి మీద ఏం వేసుకున్నాడు? తెలిసినవాళ్లు చెప్పండి. పాపకి నేను బాకీ ఉన్నాను.

పాతరాయి:
మీ పాప అడిగిన ప్రశ్న చాలామంది పెద్దవాళ్లకి తట్టదండీ.

సూటిగా చెప్పాలంటే, రాయి దేవుడిది. మనిషిది మట్టి, కర్ర, గడ్డి. 16వ శతాబ్దం మొదట్లో రాసిన పోర్చుగీసువాడు బార్బోసా ఈ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. రాజు, పెద్దల భవనాలు కాక తక్కిన జనం ఇళ్లు గడ్డికప్పువే, అయినా పొందికగా కట్టుకున్నారు, వృత్తుల వారీగా పొడుగాటి వీధుల్లో ఉన్నాయి, మధ్యలో ఖాళీ స్థలాలున్నాయి అని. 1565 జనవరిలో దక్కను సుల్తానుల చేతిలో రాక్షసి తంగడి యుద్ధం ఓడిపోయాక ఊరు కొల్లబోయింది, తగలబడింది. గడ్డికప్పు ఎంతసేపు ఆగుతుంది? ఆ తర్వాత నాలుగున్నర శతాబ్దాల వానలు.

అసలు రాజుగారి ఇల్లు కూడా మిగల్లేదు కదా. మీరు కోట లోపల చూసినవి ఎత్తైన రాతి అరుగులు. వాటి మీద లేచిన కర్ర స్తంభాలు, గారపూత, పైకప్పు అన్నీ పోయాయి. పెద్ద ఉద్యోగుల వాడ తవ్వినప్పుడు కూడా పునాదులు, అరుగులు దొరికాయి. వాటితో పాటు చైనా పింగాణీ పెంకులు దొరికాయి. నాకు ఆ పెంకులంటే రాతిరథం కంటే ఎక్కువ ఇష్టం. ఎవరో వాటిలో తిన్నారు, ఎవరి చేతిలోంచో జారి పగిలాయి, ఎవరో ఎవరినో తిట్టారు.

జొన్నరొట్టె:
రత్నాల కత మా ఊర్లో గూడా చెప్తారన్నా. మా జేజినాయన అయితే కుంచం చేత్తో పట్టుకోని కొలిచి చూపిచ్చేటోడు. ఆయప్ప జన్మలో ఒక కెంపు చూసిండడు.

పాతరాయి:
జొన్నరొట్టె గారూ, కథకి ఆధారం లేకపోలేదు. 1443లో రెండో దేవరాయల దగ్గరికి హెరాత్ నుంచి రాయబారిగా వచ్చిన అబ్దుల్ రజాక్, నగల వర్తకులు ముత్యాలు, కెంపులు, పచ్చలు, వజ్రాలు బజార్లో బాహాటంగా అమ్ముతున్నారని రాశాడు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసువాడు పేస్ కూడా ఒక వీధిలో ఇవన్నీ దొరుకుతాయన్నాడు. కానీ వెంటనే ఇంకో మాట అన్నాడు, అది ఏ గైడూ చెప్పడు. అదే చోట రోజూ సాయంత్రం సంత జరుగుతుంది, అందులో మామూలు గుర్రాలు, తట్టువలు (పొట్టి గుర్రాలు), దబ్బకాయలు, నిమ్మకాయలు, నారింజలు, ద్రాక్ష, కూరలు, వంటచెరకు అమ్ముతారు అని. వజ్రాల పక్కనే వంటచెరకు మోపులు. నా లెక్కలో అసలు బజారు అదీ.

ఇక రజాక్‌ని ముగ్ధుణ్ణి చేసింది రత్నాలు కాదు, గులాబీలు. ఎక్కడ చూసినా అమ్ముతున్నారని, ఈ జనం గులాబీలు లేకుండా బతకలేరని, అన్నంతో సమానంగా చూస్తారని రాసుకున్నాడు.

లెక్కలమాస్టారు:
కొనడం అమ్మడం మాట వచ్చింది కాబట్టి నాణేల సంగతి. రజాక్ ఇచ్చిన పట్టీ ఇలా ఉంటుంది. వరాహలో సగం ప్రతాప. ప్రతాపలో పదో వంతు పణం. ఈ మూడూ బంగారం. పణంలో ఆరో వంతు తార, అది వెండి. తారలో మూడో వంతు జీతల్, అది రాగి.

గుణించి చూస్తే వరాహకి 20 పణాలు, 120 తారలు, 360 జీతళ్లు. వరాహ మొత్తం బరువే సుమారు 3.4 గ్రాములు. పణం అయితే శనగబద్దంత ఉంటుంది. గాలికి ఎగిరిపోకుండా ఎలా దాచుకున్నారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం, చెంగుకి ముడేసుకునే ఉంటారు.

మామూలు మనిషి చేతిలో ఆడింది తార, జీతల్, మహా అయితే పణం. వరాహ చూడటం పండగ.

తెలుగుపంతులమ్మ:
రాతిరథం గారూ, తిండి గురించి అడిగారు. విదేశీయుల దాకా ఎందుకండీ, స్వయంగా రాజుగారే రాసిపెట్టి వెళ్లారు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకి భోజనం పెట్టే పద్యాలు మూడున్నాయి, వానాకాలానికొకటి, ఎండాకాలానికొకటి, చలికాలానికొకటి. నేను తరగతిలో ఈ పద్యాలు చెప్పిన రోజు పిల్లలకి రెండో గంటకే ఆకలేస్తుంది.

వానాకాలం చూడండి. ముసురు పట్టింది, కట్టెలు తడిసిపోయాయి, పొయ్యి రాజేస్తే పొగ. ఇంటావిడ కళ్లలోకి పొగ వెళ్లకుండా కొబ్బరి చిప్పలు మంట పెట్టి వండుతారట. ఆ మంట మీద కలమధాన్యపు అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు రకాల తాలింపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, దండిగా నెయ్యి. వానల్లో పచ్చి కూరలు కరువు కాబట్టి ఎండబెట్టి దాచిన వరుగులు దింపారు. ఇది ఊహించి రాసేది కాదు. వంటిల్లు చూసినవాడు రాయాల్సిందే.

ఎండాకాలంలో నులివెచ్చని అన్నం, తియ్యటి చారులు, పలచటి అంబళ్లు, చెరకురసం, ఎడనీళ్లు, పళ్లు, చల్లటి సువాసన నీళ్లు, ఊరిన వడపిందెలు, నీరుచల్ల. తినేముందు ఒంటికి గంధం. ఎడనీళ్లంటే లేత కొబ్బరినీళ్లు. కన్నడంలో ఎళనీరు అంటే అదే, రాయలు రెండు భాషల మధ్య పెరిగిన మనిషి మరి.

చలికాలం పద్యం నాకు ప్రాణం. పునుగు వాసన వేసే కొత్తబియ్యం అన్నం, మిరియాల పొడి పడి ఇంకా చుయ్యిమంటూనే ఉన్న కూరలు, ముక్కుకి మందులా ఎక్కే ఆవపిండి పచ్చళ్లు, పాయసాలు, ఊరగాయలు, చెయ్యి సుర్రుమనే నెయ్యి, కాగిన పాలు. "చే సురుక్కను నేయి" అన్నాడండీ! చక్రవర్తి వేలు కాల్చుకున్న అనుభవం ఉంది ఆ మాటలో.

అరిసెముక్క:
మేడమ్, అన్నిటిలోనూ మిరియం, ఆవ ఉన్నాయి. మిరపకాయ ఏది??

తెలుగుపంతులమ్మ:
లేదు నాన్నా. అది అమెరికా ఖండాల పంట, పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి దిగింది. రాయలు వర్ణించిన వంటింట్లో కారం అంటే మిరియం, ఆవ, అల్లం. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న కూడా తీసెయ్యి. తమిళం చూడు, మిరియం మిళగు, మిరపకాయ మిళగాయ్. కొత్తగా వచ్చినదానికి పాతదాని పేరే పెట్టారు.

అరిసెముక్క:
అంటే గోంగూర పచ్చడి మిరియాలతోనా... కొంచెం సేపు నన్ను ఒంటరిగా వదిలెయ్యండి.

హంపిబండి:
మొక్కజొన్న లేదంటే ఎలా మేడమ్? పేస్ రాసినదాని ఇంగ్లీషు అనువాదంలో వరి, మొక్కజొన్న పండుతున్నాయని స్పష్టంగా ఉంది. నేనే చదివాను.

పాతరాయి:
చాలామంది పడే గోతిలోనే మీరూ పడ్డారు. సూయెల్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు 1900లో వేసిన అనువాదంలో ఆ మాట ఉన్న సంగతి నిజమే. కానీ పేస్ వాడిన పోర్చుగీసు మాట జొన్నకి చెందింది. సూయెల్ కూడా కింద అది జొన్న అని వివరం ఇచ్చాడు. కింది వరుస చదవకుండా పై వరుస పట్టుకుంటే 1520లో తుంగభద్ర గట్టున పాప్‌కార్న్ అమ్మించేస్తాం.

పేస్ ఇంకా గోధుమ, బార్లీ, చిక్కుడు, పెసలు, ఉలవలు కూడా చెప్పాడు. ప్రపంచంలో ఇంత సరుకు నిండుగా ఉన్న నగరం ఇంకోటి లేదన్నాడు.

జొన్నరొట్టె:
జొన్న అని తేలిందా లేదా. నా పేరు నిలబడింది.

అనుమానం:
పంతులమ్మ గారికి నమస్కారం పెట్టి ఒక పేచీ పెడతాను. ఆముక్తమాల్యద కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో, పాండ్యరాజుల కాలంలో. విష్ణుచిత్తుడు బ్రాహ్మణుడు, ఆళ్వారు. నాలుగైదు కూరలు, పొట్టుతీసిన పప్పు, నెయ్యి వరద, ఇది ఊళ్లో పదిళ్ల సంగతి. దీన్ని విజయనగరంలో మామూలు మనిషి భోజనం అంటే ఎలాగండీ? రాతిరథం గారి పాప అడిగింది ఆ తక్కిన ఇళ్ల గురించి కదా.

తెలుగుపంతులమ్మ:
పేచీ న్యాయమైందే. మీరు అడుగుతారని ఒక పద్యం దాచుంచాను.

అదే కావ్యంలో వానాకాలపు వర్ణనలో రెడ్లు కనపడతారు. రాజ్యాలేలిన రెడ్లు కాదు, సేద్యం చేసుకునే కాపురెడ్లు. జడివాన. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకు, చింతచిగురు, వీటన్నిటినీ కలిపి నూనెతో పొరటుతారు. కోడిగుడ్డు పొరటు అంటామే, అదే పొరటు. దాన్ని వేడి వేడి అరికెల అన్నంలో కలుపుకుని మెక్కుతారు. రాయల మాట అదే, "మెక్కి". పశువులు మేతకి పోయాయి. ఇంట్లో మిగిలిన లేగదూడలు ఒళ్లు నాకుతుంటాయి. మేక ఎరువు వేసి రాజేసిన కుంపటి మంచం కింద పెట్టుకుని, ఆ మంచమెక్కి వెచ్చగా పడుకుంటారు.

దీనిలో వరి లేదు, నెయ్యి లేదు, కొన్న కూర ఒక్కటీ లేదు. అన్నీ చేను గట్టు మీద, కంచె పక్కన వాన పడగానే వాటంతటవే మొలిచేవి. మనుషులూ దూడలూ ఒకే కప్పు కింద. ముత్యాల మేడలో పుట్టినవాడికి మేక ఎరువు కుంపటి వేడి ఎలా తెలిసిందంటారు? గుడారాల్లో తిరిగాడు, దండయాత్రల దారిలో పల్లెలు చూశాడు. చూసినదాన్ని ఎగతాళి చెయ్యలేదు, అందంగా దిద్దనూ లేదు.

అనుమానం:
ఒప్పుకున్నాను. దీనికి ఎదురు లేదు.

జొన్నరొట్టె:
అక్కా, గురుగాకు, చెంచలాకు మేము ఇప్పుటికీ తింటాం! వాన పడినాక ఆడోళ్లు కలుపు తీసేకి పోయి కొంగులో ఒడిగట్టుకోని వస్తారు. అన్నీ కలిపి పుల్లగూర చేసి ముద్దలోకి తింటే ఇంగ ఆ రుచే వేరు. మా జేజి చిన్నప్పుడు అరికెలన్నమే తిన్నేదంట, వరన్నం పండగకే. అరికెలు సరింగా దంచకుంటే తల తిరుగుతాదని చెప్పేది. మాది కూలోళ్ల ఇండ్ల తిండి అని నేను చెప్పుకునేకి సిగ్గుపడినా ఒకప్పుడు. రాయలు పద్యం రాసినాడని తెల్సింటే బడిలో గొంతెత్తి చెప్తాంటి.

రాతిరథం:
ఇది చదివి కాసేపు ఊరికే కూర్చున్నాను. గైడు ఈ కుంపటి గురించి ఒక్క ముక్క చెప్పుంటే ఎంత బాగుండేది.

మాంసప్రియుడు:
అందరూ ఆకులు అలములు చెప్తున్నారు. మాంసం మాట ఎవరూ ఎత్తరేం? న్యూనిజ్ ఏమన్నాడో చెప్పనా?

పాతరాయి:
నేనే చెప్పేస్తాను, లేకపోతే మీరు మసాలా పెంచుతారు. ఫెర్నావ్ న్యూనిజ్ 1530ల్లో ఇక్కడున్న గుర్రాల వ్యాపారి. ఈ రాజులు ఆవు, ఎద్దు మాంసం తప్ప అన్నీ తింటారని రాశాడు. గొర్రె, పంది, జింక, కుందేలు, కౌజు, పావురం, పిచ్చుకల దాకా. ఆ పట్టీ చివర ఎలుకలు, పిల్లులు, బల్లులు కూడా చేర్చాడు. అన్నీ బజార్లో దొరుకుతాయని, కొనేవాడికి ఏం కొంటున్నాడో తెలియాలని ప్రాణంతోనే అమ్మాలని రాశాడు. నా మటుకు ఆ బల్లి ఉడుము అయ్యుంటుంది. కొత్త దేశం వచ్చిన వ్యాపారి కంటికి నాలుగు కాళ్ల పాకేదంతా బల్లే.

అరిసెముక్క:
మిరపకాయ లేదన్నప్పుడే నా మనసు విరిగింది. ఇప్పుడు పూర్తయింది.

బసవన్నకొండ:
నమస్కారం అందరికీ. మాది లేపాక్షి పక్కన. బట్టల సంగతి ఎవరూ ఎత్తుకోలేదు, అందుకే వచ్చినా. హంపిలో రాయి చూస్తారు, మా దగ్గరికొస్తే బట్ట చూడొచ్చు. వీరభద్రస్వామి గుడి పైకప్పుకు బొమ్మలుండాయి కదా, అచ్యుతరాయల కాలం, 1530ల నాటివి. అందరూ వేలాడే స్తంభం కింద తుండుగుడ్డ దూర్చి ఫోటో తీసుకోని ఎల్లిపోతారు. తల ఎత్తి చూసేవాళ్లు తక్కువ.

ఎత్తితే ఏముంటాదంటే, కొప్పు ఒక పక్కకి పెద్దగా వాల్చిన ఆడవాళ్లు. ఒక్కొక్కరిదీ ఒక్కో చీర. గళ్లు ఒకరికి, చారలు ఒకరికి, పూలు ఒకరికి. ఒకే వరుసలో పదిమంది నిలబడి ఉంటే ఏ రెండు చీరలూ కలవవు. మొగవాళ్ల తల మీద నిలువుగా పొడుగాటి టోపీ, దాన్ని కుళ్లాయి అంటారు. గుడి కట్టించిన విరూపణ్ణ, తమ్ముడు వీరణ్ణ కూడా ఆ కుళ్లాయిలతోనే ఉండారు. లతామండపం స్తంభాల మీద చెక్కిన తీగలు, హంసలు, పూల గళ్లు ఇప్పుటికీ చీర అంచులకి ఎక్కుతానే ఉండాయి.

మా నాయన చిన్నప్పుడు నన్ను నేల మీద పండుకోబెట్టి పైకప్పు చూపించేవాడు. నిలబడి చూస్తే మెడ నొస్తాది. రాతిరథం అన్నా, పాపని తీసుకోని రండి, పండుకోబెట్టి చూపించండి.

తెలుగుపంతులమ్మ:
బసవన్నకొండ గారూ, కుళ్లాయి అనగానే శ్రీనాథుడు గుర్తొచ్చాడు! రెండో దేవరాయల దర్శనం కోసం పడిగాపులు పడుతూ ఆయన చెప్పిందంటూ ప్రసిద్ధమైన చాటువు ఉంది. కుళ్లాయి పెట్టుకున్నాను, కోక చుట్టుకున్నాను, మహా కూర్పాసం తొడిగాను, వెల్లుల్లి, నువ్వులపిండి తిన్నాను, చల్లా అంబలి తాగాను, ఓ తల్లీ కన్నడ రాజ్యలక్ష్మీ, దయ రాదా, నేను శ్రీనాథుణ్ణి అని మొర. కొండవీడులో జరీపంచెల మీద బతికినవాడు ఆ దరబారు వేషంలో ఇమడలేక ఎంత చికాకుపడ్డాడో! కూర్పాసం అంటే పొడుగు చొక్కా. ఆ కొలువులో బట్ట ఇలా కట్టాలని కట్టడి ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది.

పాతరాయి:
ఆ కుళ్లాయి అన్న మాటే పారసీ కులాహ్ నుంచి వచ్చింది. విజయనగర రాజులు తమని తాము "హిందూరాయ సురత్రాణ" అనుకున్నారు, సురత్రాణ అంటే సుల్తానే. అప్పటి ప్రపంచంలో పెద్ద కొలువంటే ఇలా ఉండాలన్న మర్యాదని అందుకున్నారు. తిరుమలలో రాయలవారి విగ్రహం ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడి ఉంటుంది కదా, తల మీద పొడుగు కుళ్లాయి, నడుము పైన మాత్రం చొక్కా లేదు. కొలువులో చొక్కా తొడిగేవాడు దేవుడి ముందు తీసేశాడు. పేస్ చూసినప్పుడు ఆయన బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టల్లో, వజ్రాల హారంతో ఉన్నాడు.

హంపిలోనే 1439 నాటి మసీదు ఉంది, మీరు చూశారో లేదో. అహ్మద్ ఖాన్ అనే దేవరాయల ఉద్యోగి, రాజుకి పుణ్యం కలగాలని కట్టించాడు. శాసనంలో దాన్ని ధర్మశాల అన్నారు. శ్రీనాథుడు, రజాక్, అహ్మద్ ఖాన్ ముగ్గురూ ఒకే రాజు గడప తొక్కినవాళ్లు.

మామూలు ఆడవాళ్ల బట్ట గురించి బార్బోసా రాశాడు. పొడుగాటి నూలు లేదా పట్టు బట్ట, సగం నడుముకి చుట్టి, తక్కిన సగం ఒక భుజం మీదుగా వేస్తారు, రెండో భుజం బయటికే ఉంటుంది, తల కప్పరు, కొప్పులో పూలు. రవిక మాట లేదు, గమనించండి.

వెలుగుదివ్వె:
ఆడవాళ్ల గురించి బట్ట, కొప్పు, పూలు దగ్గరే ఆగిపోయారు. వాళ్లు ఏం పని చేసేవాళ్లు?

పాతరాయి:
నిజమే, తప్పు ఒప్పుకుంటున్నాను. న్యూనిజ్ రాసినదాని ప్రకారం అంతఃపురం లోపల ఖర్చుల లెక్కలన్నీ ఆడవాళ్లే రాసేవాళ్లు. రాజ్య వ్యవహారాలు రాసే స్త్రీలు వేరే ఉన్నారు, వాళ్ల పుస్తకాలని బయట మగ రాయసగాళ్ల పుస్తకాలతో సరిచూసేవాళ్లు. కుస్తీ పట్టే ఆడవాళ్లు, జ్యోతిషం చెప్పేవాళ్లు, పాడేవాళ్లు, వాయించేవాళ్లు కూడా ఉన్నారు. కవయిత్రుల్లో 14వ శతాబ్దంలో గంగాదేవి తన భర్త కుమార కంపన మధుర గెలవడం మీద సంస్కృత కావ్యం రాసింది, అందులో మన తిక్కనని కూడా తలుచుకుంది.

లెక్కలమాస్టారు:
ఆడవాళ్ల లెక్క, మగవాళ్ల లెక్క పక్కపక్కన పెట్టి సరిచూడటం! దీన్నే ఇప్పుడు ఆడిట్ అంటున్నాం.

రాయలభక్తుడు:
ఇదంతా చదివితే ఒక్కటే అనిపిస్తోంది. అది నిజంగా స్వర్ణయుగం. ఆకలి లేదు, దుఃఖం లేదు, ఆడవాళ్లకి గౌరవం, కళలకి పట్టం. అలాంటి రోజులు మళ్లీ రావు.

వెలుగుదివ్వె:
భక్తుడు గారూ, అదే న్యూనిజ్ సతీసహగమనం గురించి కూడా పేజీలు రాశాడు. హంపిలో సతికల్లులున్నాయి, అంటే సహగమనం చేసిన ఆడవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లు, వెళ్లినప్పుడు ఒకసారి వాటి ముందు కూడా ఆగండి. ఆ లెక్కలు రాసిన స్త్రీలు ఉన్న ఊళ్లోనే ఆ మంటలూ ఉన్నాయి.

అనుమానం:
మహానవమికి తొలిరోజు 24 దున్నలు, 150 గొర్రెలు, ఆఖరి రోజు 250 దున్నలు, 4500 గొర్రెలు బలి ఇచ్చారని పేస్ లెక్క. అదే రాయలు హోస్పేట దగ్గర, అప్పటి నాగలాపురం, పెద్ద చెరువు కట్టిస్తుంటే 15 వేలో 20 వేలో మనుషులు చీమల్లా పనిచేస్తున్నారని పేస్ కళ్లారా చూశాడు. కట్ట రెండు మూడుసార్లు తెగింది. అప్పుడు 60 మంది తలలు నరికించారు. మరణశిక్ష పడ్డ ఖైదీలని న్యూనిజ్ అంటాడు. ఆ చెరువు నీళ్లు తాగిన పొలాలే మనం మెచ్చుకుంటున్న సరుకు నిండిన బజారు. దుఃఖం లేదంటే ఎలా?

రాయలభక్తుడు:
విదేశీయులు రాసింది మీకు నచ్చినచోట సత్యం, నచ్చనిచోట బల్లి ఉడుము అవుతుందన్నమాట!

నిర్వాహకుడు:
మాట తూటాలు వద్దు. విషయం మీద ఉండండి.

పాతరాయి:
భక్తుడు గారి చురక నాకే తగిలింది, తగలాల్సిందే. బల్లి ఉడుము అన్నది నా ఊహ, ఊహగానే తీసుకోండి.

చెరువుల విషయంలో ఇంకో పక్క కూడా చూద్దాం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. చెరువు తవ్వించడంలో పాఠ్యపుస్తకం లాంటి శాసనం అది. మంచి చెరువుకి పన్నెండు అంగాలు ఉండాలి, ఆరు దోషాలు ఉండకూడదు అని వివరంగా చెక్కించారు. రోజుకి వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్లు పని. దానం చేసినవాడి పొగడ్తల మధ్య కూలీల సంఖ్య, బళ్ల సంఖ్య రాతిలోకి ఎక్కడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. పేర్లు లేవు, లెక్కన్నా ఉంది.

హంపి చుట్టూ ఆనాటి కాలవల్లో కొన్ని ఇవాళ్టికీ పారుతున్నాయి. మీరు అరటితోటల మధ్య నుంచి నడిచారు కదా రాతిరథం గారూ, ఆ తడి వెనక వాళ్లున్నారు.

బసవన్నకొండ:
పేరుతో సహా మిగిలిన మామూలు మనిషి ఒకడున్నాడు సామీ. మంగలి కొండోజు. సదాశివరాయల కాలంలో, ఆయన పేరు మీద రాజ్యం నడిపిన అళియ రామరాయల దగ్గర పనిచేసినాడు. ఆయన పనితనం మెచ్చి రామరాయలు ఏం కావాలంటే, మంగళ్ల మీద వేసే పన్నులు ఎత్తేయమన్నాడు. ఎత్తేసినారు. ఆ సంగతి చాలా ఊర్లలో శాసనాలు వేసినారు, కన్నడంలో, తెలుగులో. తనకు మాన్యం అడగకుండా కులపోళ్లందరికీ అడిగినాడు.

జొన్నరొట్టె:
గడ్డం మీద కత్తి పెట్టి అడిగింటే ఎవురు కాదంటారన్నా.

హంపిబండి:
😂 మొక్కజొన్న అవమానం మరిచిపోయి నవ్వాను. నా వంతుగా ఒకటి. విజయనగర రాజు సాళువ నరసింహుడు గుర్రాలు బతికున్నా చచ్చినా కొనేవాడని, సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, డబ్బు ఇచ్చేవాడని న్యూనిజ్ రాశాడు. ఈసారి కింది వరుసలు కూడా చదివాను పాతరాయి గారూ.

పాతరాయి:
కరెక్టే. యుద్ధానికి అరబ్బు గుర్రం అంత ముఖ్యం. వర్తకుడు నష్టానికి భయపడి రావడం మానేస్తే శత్రువులైన బహమనీ సుల్తానుల దగ్గరికి పోతాడు. తోకకి డబ్బు ఇవ్వడం బీమా లాంటిది.

తెలుగుపంతులమ్మ:
మామూలు మనుషుల గొంతు వినాలంటే అన్నమయ్య దగ్గరికి వెళ్లాలి. 1408 నుంచి 1503 దాకా బతికాడు, సాళువ నరసింహుడి కాలం వాడు. దేవుడి మీద పాటలే కానీ బాణీలన్నీ ఊళ్లోవి. దంచేటప్పుడు పాడుకునే సువ్వి పాట, లాలి పాట, జాజర, కోలాటం. రోటి ముందు ఎవరూ పాడకపోతే ఆయనకి సువ్వి ఎలా దొరికింది? రాజు నిద్రా బంటు నిద్రా ఒక్కటే అన్నాడు కదా, ఆ బంటు నిద్రపోయిన చోటే రాతిరథం గారి పాప వెతికిన ఇల్లు.

తిరుమల శాసనాల్లో నైవేద్యాల దినుసులు కూడా ఉన్నాయి. బియ్యం, నెయ్యి, పెసరపప్పు, బెల్లం, పెరుగు, మిరియాలు. దానం ఇచ్చినవాడికి ప్రసాదంలో నాలుగో వంతు. అరిసెముక్క గారూ, అతిరసాలు అని కనపడతాయి, అవి మీ బంధువులే.

అరిసెముక్క:
బతికించారు! మిరపకాయ లేకపోయినా నేనున్నాను.

రాతిరథం:
నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. మీ అందరి మాటలూ కలిపి పాపకి చెప్పాను. గడ్డికప్పు, తగలబడటం, వాన అన్నీ శ్రద్ధగా విని, "దూడ నాకితే చక్కిలిగింత పుట్టదా?" అని అడిగింది. దానికీ నా దగ్గర జవాబు లేదు.

నిన్న ఆదివారం పంతులమ్మ గారి చలికాలపు పద్యం వంట చేశాం. మిరపకాయ ముట్టుకోకూడదని పందెం. వంకాయకూరలో మిరియాల పొడి, అరటికాయకి ఆవపిండి. కూర బాగానే కుదిరింది. ఆవపిండి మాత్రం మా ఆవిడ కొంచెం ధారాళంగా నూరింది. మొదటి ముద్దకే నాకు కళ్లలో నీళ్లు, మా నాన్నగారికి వరసగా ఏడు తుమ్ములు. పాప లెక్కపెట్టింది.

తెలుగుపంతులమ్మ:
ముకుమందు అని ముందే చెప్పాడు కదండీ ఆయన!

జొన్నరొట్టె:
అన్నా, వానలు పడినాక చెప్పు. గురుగాకు పంపిస్తా. అరికెలు మీరే తెచ్చుకోండి.